తిన్నని రోడ్డు, చవక పెట్రోలు

2000లో నేను ఉద్యోగానికని మిషిగన్‌లో దిగేనాటికి డెట్రాయిట్ చుట్టుపక్కల ఊళ్లలో ఫుల్‌సైజ్ సెడాన్లు ఇంకా అడుగడుగునా కనిపించేవి. పోలీసు బండి అంటే ఫోర్డ్ క్రౌన్ విక్టోరియా. ఎయిర్‌పోర్టు ముందు బారులు తీరేవి నల్లటి లింకన్ టౌన్ కార్లు. ఆదివారం పొద్దున చర్చిల దగ్గర మెర్క్యురీ గ్రాండ్ మార్క్విస్‌లు, బ్యూక్ లెసేబర్లు ఆగేవి. వాటిలోంచి తల నెరిసిన దంపతులు నిదానంగా దిగేవారు. ఆ కార్లను తయారుచేసిన చేతులు ఆ ఊళ్లలోనే ఉండేవి. కొన్నదీ ఎక్కువగా వాళ్లే.

పాత పద్ధతి పెద్ద సెడాన్‌కు కొన్ని లక్షణాలు ఉన్నాయి. పొడవు పదిహేడు అడుగులు దాటుతుంది. అడుగున లారీకి ఉన్నట్టు విడిగా ఉక్కు ఫ్రేము ఉంటుంది. దాని మీద రబ్బరు దిమ్మలు పెట్టి కారు బాడీని బిగిస్తారు. ముందు వీ-8 ఇంజను, అది తిప్పేది వెనక చక్రాల్ని. ముందు సీటు ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా ఒకే బెంచీ. గేరు మీట స్టీరింగ్ వెనకే ఉంటుంది. నేను వెళ్లేసరికి లెసేబర్ లాంటివి ముందు చక్రాల పద్ధతికి ఎప్పుడో మారిపోయాయి. షెవర్లే కాప్రీస్, బ్యూక్ రోడ్‌మాస్టర్, క్యాడిలాక్ ఫ్లీట్‌వుడ్‌లను జనరల్ మోటార్స్ 1996తో ఆపేసింది. అచ్చంగా పాత పద్ధతిలో మిగిలినవి క్రౌన్ విక్టోరియా, గ్రాండ్ మార్క్విస్, టౌన్ కార్. మూడూ ఫోర్డ్ కుటుంబానివే, మూడింటికీ అడుగు ఒకటే. 1979 మోడల్‌తో మొదలైన ఆ అడుగును పాంథర్ అనేవారు.

వీటి పూర్వీకుల్ని నేను వచ్చిన ఏడాది ఆగస్టులోనే చూశాను. ఏటా ఆగస్టు మూడో శనివారం వుడ్‌వర్డ్ అవెన్యూ మీద డ్రీమ్ క్రూజ్ జరుగుతుంది. 1995లో మొదలైంది. ఫెర్న్‌డేల్ నుంచి పాంటియాక్ దాకా పాత కార్లు రోజంతా నెమ్మదిగా నడుస్తుంటే, జనం కుర్చీలు తెచ్చుకుని రోడ్డు పక్కన కూర్చుని చూస్తారు. అక్కడ నా ముందు నుంచి 1959 బ్యూక్ ఎలక్ట్రా 225 వెళ్లింది. ఆ 225 కారు పొడవే, అంగుళాల్లో. కారు ఎంత పొడవో పేరులోనే గొప్పగా రాసుకున్న కాలం అది. 1973 అరబ్ చమురు నిషేధం ఆ కాలానికి గండి కొట్టింది. 1977 మోడళ్లకు జనరల్ మోటార్స్ తన పెద్ద కార్లను కుదించింది. రెండేళ్లకు ఫోర్డ్ కూడా అదే దారి పట్టింది. అంటే నేను పెద్దవి అనుకుంటూ చూసిన కార్లు అప్పటికే ఒకసారి చిక్కినవి.

మా తెలుగువాళ్లలో మాత్రం ఇవి కొన్నవారు దాదాపు లేరు. కొత్తగా వచ్చినవాడు ఎవడైనా సరే, ముందుగా వచ్చినవాళ్లు చెప్పే మాట ఒక్కటే: కామ్రీ కొను, లేకపోతే అకార్డ్ కొను. ఆ మాటలో తప్పేమీ లేదు. మైలేజీ బాగుంటుంది, అమ్మితే డబ్బు తిరిగొస్తుంది, వీసా సంగతి తేలక రేపు ఏ రాష్ట్రానికి మారాల్సి వస్తుందో తెలియనప్పుడు అంతకు మించిన తెలివైన పని లేదు. నేనూ మొదట అలాంటి చిన్న జపాన్ కారే నడిపాను.

నా మనసు మార్చింది నా వృత్తి. కార్ల కంపెనీలకు విడిభాగాలు సరఫరా చేసే ఒక సంస్థలో చప్పుడు, కంపనం కొలిచే పని నాది. సీటు పట్టాల మీద, స్టీరింగ్ చక్రం మీద, నేలరేకు మీద సెన్సర్లు అంటించి, గతుకుల రోడ్ల మీద తిప్పి, ఏ కుదుపు ఎక్కడ పుట్టి మనిషి వెన్నుదాకా ఎలా చేరుతోందో చూడాలి. పోల్చడానికని ఒక రోజు గ్రాండ్ మార్క్విస్‌ను తెచ్చారు. అదే గతుకు మీద మిగతా కార్లలో గ్రాఫు సూదిమొనలా లేస్తే, దీనిలో గుండ్రంగా లేచి మెల్లగా సద్దుమణిగింది. చక్రం తిన్న దెబ్బ ముందు స్ప్రింగుకు, తర్వాత ఫ్రేముకు, ఆ తర్వాత రబ్బరు దిమ్మలకు చేరుతుంది. ప్రతి మజిలీలోనూ కాస్త తరుగుతుంది. మనిషిని చేరేసరికి దెబ్బ పోయి ఊపు మాత్రమే మిగులుతుంది. లెక్కలు ఎప్పుడూ చెప్పేదే, ఆ రోజు నా వీపు కూడా ఒప్పుకుంది.

2002లో మా వీధిలోని ఒక పెద్దాయన తన 1998 గ్రాండ్ మార్క్విస్‌ను అమ్మకానికి పెట్టాడు. కార్ల ఫ్యాక్టరీలో జీవితమంతా పనిచేసి రిటైరైన మనిషి. చూపు మందగించడంతో ఇక నడపకూడదని డాక్టరు చెప్పాడు. లేత బంగారు రంగు కారు. గ్లవ్‌బాక్సులో ఒక కవరు, ఆ కవరులో ఆయిలు మార్పించిన ప్రతి రసీదూ తారీఖు వరసలో. బేరానికి ఆయన ఎక్కువసేపు తీసుకోలేదు. కారు గురించి చెప్పడానికి మాత్రం ఒక సాయంత్రమంతా తీసుకున్నాడు. బానెట్ ఎత్తి ఇంజను పక్కన ఎంత ఖాళీ ఉందో చూపించాడు. చెయ్యి మోచేతి దాకా దూరుతుంది, స్పార్క్ ప్లగ్గయినా బెల్టయినా ఇంటి ముందే మార్చుకోవచ్చు. తన పాతికేళ్ల కొడుకు కారులో బల్బు మార్చాలన్నా బంపర్ విప్పాలని విసుక్కున్నాడు. బాగు చేసుకోగలిగిన వస్తువు మీదే మనిషికి మమకారం ఉంటుందని ఆయన నమ్మకం. ఆ కారుతో గడిపిన ఏళ్లలో అది నా నమ్మకం కూడా అయింది.

దాన్లో నాకు నచ్చినవి చాలావరకు చిన్న సంగతులే. డ్రైవరు తలుపు మీద పిడికి పైన అయిదు మీటల వరస. ఒక్కో మీట మీద రెండేసి అంకెలు. తాళంచెవి లోపల మరిచిపోయినా అయిదంకెల కోడు నొక్కితే తలుపు తెరుచుకుంటుంది. జనవరి చలిలో చేతికి గ్లవ్స్ ఉన్నా ఆ మీటలు తడబడకుండా పలికేవి. పార్కింగ్ బ్రేకు ఎడమ కాలి కింద చిన్న పెడల్. ఇంజను ఆన్ చేసి గేరు మీటను డ్రైవ్‌లోకి లాగగానే అది దానంతట అదే పైకి లేచి వదిలేసుకునేది. అద్దాల చుట్టూ స్తంభాలు సన్నం. కారు నాలుగు మూలలూ కూర్చున్నచోటి నుంచి కనబడేవి. అంత పొడుగు బండినీ ఎక్కడిదాకా ఉందో కంటితో చూసుకుంటూ తిప్పగలిగేవాణ్ని. ఇప్పటి కార్లలో మూలలు కనబడక కెమెరాలు పెడుతున్నారు.

2003 వేసవిలో మా అమ్మా నాయనా రాజంపేట నుంచి వచ్చారు. అప్పట్లో ఒక్కొక్కరికి 32 కిలోల పెట్టెలు రెండేసి తెచ్చుకోనిచ్చేవారు. ఇద్దరివీ కలిపి నాలుగు పెట్టెలు, వాటి నిండా ఊరగాయలు, పొడులు, వడియాలు. ఆ కారు డిక్కీ 20 ఘనపుటడుగుల పైచిలుకు. మధ్యలో లోతైన గుంత, దాని అవతల ఇరుసు మీద అరుగు. రెండు పెట్టెలు గుంతలో నిలువుగా, ఒకటి అరుగు మీద, నాలుగోది అడ్డంగా తోస్తే మూత పడింది. మా నాయన కారు చుట్టూ ఒకసారి నడిచి వచ్చాడు. ఆయన మద్రాసులో చదువుకునే రోజుల్లో వాహినీ స్టూడియో గేటు దగ్గర నిలబడి సినిమావాళ్ల పెద్ద అమెరికా కార్లు చూసేవాడట. "అప్పుడు గేటు బయట నిలబడి చూసినా. ఇప్పుడు ముందర సీట్లో కూచ్చుంటా" అని ముందు తలుపు తీసుకుని ఎక్కాడు.

రెండు వారాల తర్వాత పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి బయల్దేరాం. 1970లలో అక్కడ స్థిరపడిన మనవాళ్లు పెన్ హిల్స్ కొండ మీద తిరుమల నమూనాలో కట్టుకున్న గుడి అది. డెట్రాయిట్ తెలుగువాళ్లకు మొక్కు తీర్చుకోవాలంటే చాలాకాలం అదే పెద్ద దిక్కు. దూరం దాదాపు 300 మైళ్లు. టొలీడో దాటి ఒహాయో టర్న్‌పైక్ ఎక్కాక రోడ్డు బల్లపరుపు. కనుచూపు మేర మొక్కజొన్న, సోయా చేలు. ఆ కారు పుట్టింది ఇలాంటి రోడ్డు కోసమే. 65 మైళ్ల వేగంలో కూడా దాని ఇంజను నిమిషానికి 1,600 చుట్లకు అటూఇటూగా మాత్రమే తిరుగుతుంది. 4.6 లీటర్ల ఇంజనుకు అది నిద్రలో నడకతో సమానం. చిన్న నాలుగు సిలిండర్ల ఇంజను అదే వేగంలో ఇంకా ఎంతో ఎక్కువ తిరగాలి, ఆ శ్రమ అంతా చెవికి తెలుస్తుంది. దీనిలో గాలి చప్పుడు, టైర్ల గుసగుస తప్ప మరేమీ లేదు. వెనక సీట్లో కాళ్లు ముడుచుకుని కూర్చున్న అమ్మ చాలాసేపటికి నోరు విప్పింది.

"ఏంరా, బండి పోతాందా, నిలబడిందా? ఏమీ తెలీడంల్యా."

అమ్మకు మోకాళ్ల నొప్పులు. మా స్నేహితుల కార్లలో దిగాలంటే ఒక చెయ్యి తలుపు మీద, ఒక చెయ్యి నా భుజం మీద వేసి లేచేది. ఈ కారులో సీటు ఎత్తు నడుము ఎత్తుకు సరిపోయేది, తలుపు విశాలంగా తెరుచుకునేది, కాళ్లు బయటపెట్టి లేస్తే చాలు. అమెరికాలో అరవై దాటినవాళ్లు ఈ కార్లను ఎందుకంత ఇష్టపడేవారో నాకు అమ్మ దిగడం చూశాకే తెలిసింది. జీప్ లాంటి ఎత్తు బండి ఎక్కడం కష్టం, స్పోర్ట్స్ కారు దిగడం కష్టం. ఇది రెంటికీ మధ్య మనిషి కొలతకు చేసిన ఎత్తు.

పెన్సిల్వేనియాలో అడుగుపెట్టాక కథ మారింది. అక్కడ నేల మడతలు మడతలుగా ఉంటుంది. రోడ్డు కొండను ఒరుసుకుంటూ వంకర్లు తిరుగుతుంది. ఒహాయోలో వరమైన మెత్తదనమే ఇక్కడ శాపమైంది. వంపు తిరిగినప్పుడల్లా కారు బయటి వైపుకు ఒరిగి, వంపు అయిపోయాక కూడా ఒక క్షణం ఆలస్యంగా నిలదొక్కుకునేది. స్టీరింగ్ వేలితో తిప్పేంత తేలిక. కానీ ముందు చక్రాలు రోడ్డును ఎంత పట్టుకున్నాయో చేతికి కబురు అందేది కాదు. వెనక రెండు చక్రాలూ ఒకే గట్టి ఇరుసుకు బిగించినవి. ఒకటి గుంతలో పడితే రెండోదీ కదులుతుంది. వంపులో గతుకు వస్తే వెనక భాగం పక్కకు ఒక అడుగు వేసినట్టయ్యేది. 1998 మోడల్ నుంచి వాట్స్ లింకేజీ అనే కడ్డీల అమరిక పెట్టి దాన్ని చాలావరకు అదుపు చేశారు. చాలావరకే, పూర్తిగా కాదు. మన్రోవిల్ దగ్గర టర్న్‌పైక్ దిగేసరికి అమ్మ కళ్లు మూసుకుని నిమ్మకాయ వాసన చూస్తోంది. గుడి దారి చివర నిటారుగా ఉంటుంది. పైకి ఇంజను ఉత్సాహంగానే లాగింది. తిరుగుదారిలో అదే వాలు మీద దాదాపు రెండు టన్నుల బరువును బ్రేకుల మీద ఆపుకుంటూ దిగుతుంటే ముందు చక్రాల నుంచి వేడి వాసన వచ్చింది. గేరు కిందికి దించి, ఇంజనుతో ఆపుకుంటూ దిగాను.

ఆ కొండ దిగుతున్నప్పుడే నాకు ఒక సంగతి స్థిరపడిపోయింది. ఈ కారులోని మంచీ చెడూ వేర్వేరు చోట్ల నుంచి రాలేదు. తిన్నని రోడ్డు, చవక పెట్రోలు ఎప్పటికీ ఉంటాయన్న నమ్మకం మీద దాన్ని కట్టారు. ఆ రెండూ ఉన్నంతసేపూ దానికి సాటి లేదు. ఏ ఒక్కటి తప్పినా అదే మెత్తదనం, అదే పొడవు, అదే బరువు భారమైపోతాయి.

ఆ వేసవిలోనే రెండో షరతు ఎలా తప్పుతుందో కూడా చూశాం. ఆగస్టు 14, గురువారం. సాయంత్రం నాలుగు దాటి పది నిమిషాలకు ఆఫీసులో దీపాలు ఆరిపోయాయి. అది మా భవనానికో మా ఊరికో పరిమితం కాదని, న్యూయార్క్ నుంచి మిషిగన్ దాకా, కెనడాలోని ఒంటారియోతో కలిపి అయిదు కోట్ల మందికి కరెంటు పోయిందని కారు రేడియోలో విన్నాను. ట్రాఫిక్ సిగ్నళ్లు లేవు. ఇల్లు చేరేసరికి చీకటి పడింది. పెట్రోలు ఉండి కూడా బంకులు మూతపడ్డాయి, పంపు తిరగాలంటే కరెంటు కావాలి గదా. కుళాయి నీళ్లు మరగబెట్టి తాగమని రేడియో చెప్పింది. మాది కరెంటు పొయ్యి.

మర్నాడు పొద్దున పక్క అపార్ట్‌మెంటులోని తెలుగు కుటుంబం మా తలుపు తట్టింది. భార్యాభర్తలు, నాలుగేళ్ల పాప. పడమరగా యాభై అరవై మైళ్ల అవతల కరెంటు వచ్చిందని, అక్కడ వాళ్ల బంధువులు రమ్మంటున్నారని చెప్పారు. వాళ్ల కారులో పెట్రోలు అడుగంటింది. మా కారులో సగం ట్యాంకు ఉంది. ఆరుగురం ఒకే కారులో ఎక్కాం. ముందు బెంచీ మీద నేను, నాయన, మధ్యలో ఆ అబ్బాయి. వెనక అమ్మ, ఆ అమ్మాయి, పాప తన బూస్టర్ సీటులో. అందరికీ బెల్టులు ఉన్నాయి. అందరి సామానూ వెనక డిక్కీలో పట్టింది. ఆ రోజు మా కాంప్లెక్సులో ఇంకే సెడాన్‌లోనూ అది సాధ్యమయ్యేది కాదు.

కానీ దారి పొడుగునా నా చూపు రోడ్డు మీద కన్నా పెట్రోలు ముల్లు మీదే ఎక్కువ ఉంది. సిగ్నళ్లు లేని కూడళ్లలో ఆగుతూ కదులుతూ పోతుంటే ఆ ముల్లు కంటి ముందే దిగింది. ఊళ్లో అది గాలనుకు పదిహేను పదహారు మైళ్లకు మించి ఇచ్చేది కాదు, హైవే మీద నెమ్మదిగా నడిపితే ఇరవై నాలుగు. సగం ట్యాంకు అంటే తొమ్మిది గాలన్లు. కామ్రీలో అదే పెట్రోలుతో నిశ్చింతగా వెళ్లి రావచ్చు. మాకు వెళ్లి రావడానికి బొటాబొటిగా సరిపోయేలా కనబడింది. పాప మధ్యలో ఒకసారి ఏసీ వేయమంది. "ఉండమ్మా, ఊరు చేరినాంక ఏద్దాం" అని నాయన అద్దం దించాడు.

ఆ ప్రయాణంలో ముందు సీటు మధ్యలో కూర్చున్న అబ్బాయి దిగి నిలబడడానికి కొంచెంసేపు పట్టింది. ఆరుగురు పడతారన్న మాటలో ఉన్న లోటు అది. గేరుబాక్సు, వెనక చక్రాలకు వెళ్లే కడ్డీ నేల మధ్యలోంచి పోవాలి గనుక అక్కడ పెద్ద గుబ్బ. మధ్యలో కూర్చున్నవాడి మోకాళ్లు గడ్డానికి దగ్గరగా వస్తాయి. తీరా కొలిస్తే వెనక సీటులో కాళ్ల చోటు కూడా అప్పటి కామ్రీ కన్నా చెప్పుకోదగ్గంత ఎక్కువ కాదు. పద్దెనిమిది అడుగులకు నాలుగంగుళాలు తక్కువైన కారులో చోటంతా ఏమైందంటే ముందు బానెట్‌కు, వెనక డిక్కీకి పోయింది. జపాన్ కంపెనీలు ఇంజనును అడ్డంగా తిప్పి పెట్టి, ముందు చక్రాలకే పని అప్పజెప్పి, ఆ చోటును మనుషులకు ఇచ్చాయి. ఇంజనీరుగా ఆ పని గొప్పదనం నేను కాదనలేను.

చలికాలం ఇంకో పరీక్ష. బరువంతా ముందు, ఇంజను తిప్పే చక్రాలు వెనక. మంచు మీద సిగ్నలు దగ్గర ఆగి మళ్లీ కదలాలంటే వెనక చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగేవి. మిషిగన్‌లో పాతకాలం వాళ్లంతా నవంబరు రాగానే హార్డ్‌వేర్ దుకాణం నుంచి 60 పౌన్ల ఇసుక సంచులు తెచ్చి డిక్కీలో ఇరుసుకు సరిగ్గా పైన వేసుకునేవారు. నేనూ వేశాను, మంచు టైర్లూ వేయించాను. రెండూ కలిస్తే నమ్మకంగానే నడిచేది. ఎక్కడైనా ఇరుక్కుంటే ఆ సంచి చింపి చక్రాల కింద చల్లుకోవచ్చు. అయితే అసలు శత్రువు మంచు కాదు, మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు. అది కారు అడుగున చేరి ఫ్రేమునూ బ్రేకు గొట్టాలనూ ఏళ్ల తరబడి తింటుంది. పైన రంగు నిగనిగలాడుతుంటే కింద ఉక్కు పొరలు పొరలుగా రాలుతుంది.

పెద్ద కారు కదా, ఢీకొంటే భద్రం అనేవారు చాలామంది. బరువు కొంత కాపాడుతుంది, నిజమే. కానీ ఈ కార్లలో పెట్రోలు ట్యాంకు వెనక ఇరుసుకు వెనక ఉంటుంది. రోడ్డు పక్కన ఆగిన క్రౌన్ విక్టోరియా పోలీసు బండ్లను వెనక నుంచి అతివేగంగా గుద్దినప్పుడు మంటలు లేచి పోలీసులు చనిపోయిన సంఘటనలు అమెరికా అంతటా చర్చ అయ్యాయి. 2002లో పోలీసు బండ్ల ట్యాంకులకు రక్షణ కవచాలు బిగించే ఏర్పాటు చేశారు. జారుతున్న కారును తనంతట తానే సరిదిద్దే స్టెబిలిటీ కంట్రోల్ ఈ మూడు కార్లకూ చివరిదాకా రాలేదు. భద్రత అంటే రేకు మందం ఒక్కటే కాదని వాహన పరిశ్రమ నేర్చుకుంటున్న రోజులవి. ఆ పాఠం ఈ కార్లు పుట్టిన తర్వాతది.

2005లో కత్రినా తుపాను వచ్చినప్పుడు పెట్రోలు గాలను మూడు డాలర్లు దాటింది. 2008 వేసవిలో నాలుగు దాటింది. నేను కారు కొన్నప్పుడు పాతిక ముప్ఫై డాలర్లతో నిండిన 19 గాలన్ల ట్యాంకుకు డెబ్బై అయిదు కావలసివచ్చింది. ఆ ఏడాదే మా ఊళ్లో ఉద్యోగాలు పోవడం మొదలైంది. 2009లో క్రైస్లర్, జనరల్ మోటార్స్ రెండూ దివాలా కోర్టు మెట్లెక్కాయి. మా వీధిలో ఇళ్లకు అమ్మకం బోర్డులు వేలాడాయి. వారాంతాల్లో ఊరికే అలా హైవే మీద తిరిగొచ్చే అలవాటు నాకూ పోయింది. ఆఫీసుకు మా ఆవిడ చిన్న కారు, దూరప్రయాణాలకు మాత్రం ఇది.

అదే రోజుల్లో కువైట్ నుంచి మా మేనమామ కొడుకు ఫోన్ చేశాడు. మా రాజంపేట, కోడూరు వైపు నుంచి వేల మంది అక్కడికి వెళ్లి ఇళ్లలో డ్రైవర్లుగా పనిచేస్తారు. తన యజమాని ఇంట్లోనూ గ్రాండ్ మార్క్విసే ఉందని, అంతకుముందు కాప్రీస్ నడిపానని చెప్పాడు. నేను పెట్రోలు ఖర్చు గురించి చెప్తే ఆశ్చర్యపోయాడు.

"ఈడ పెట్రోలు లెక్క ఎవురు అడుగుతారు బావా? యాభై డిగ్రీల ఎండలో ఏసీ నిలబడాల, ఇంటిల్లిపాదీ పట్టాల, ఎడారి రోడ్డు మీద అలుపు రాకుండా పోవాల. దీనికి మించిన బండి ల్యా."

నేను ఒహాయోలో చూసినదాన్నే అతను ఎడారిలో చూస్తున్నాడు. తిన్నని రోడ్డూ చవక పెట్రోలూ రెండూ మిగిలిన చోటు ఇంక గల్ఫే. గ్రాండ్ మార్క్విస్, క్రౌన్ విక్టోరియా కార్లు ఒంటారియోలోని సెయింట్ థామస్ ఫ్యాక్టరీలో తయారయ్యేవి. మెర్క్యురీ పేరు మీద చివరి గ్రాండ్ మార్క్విస్ 2011 జనవరిలో బయటికొచ్చింది. అదే ఏడు సెప్టెంబరు 15న చివరి క్రౌన్ విక్టోరియా తయారయ్యాక ఫ్యాక్టరీ మూతపడింది. ఆ చివరి కారు వెళ్లింది సౌదీ అరేబియాకు.

పెట్రోలు ధరే వీటిని చంపిందని అందరూ అంటారు. నేను కళ్లారా చూసింది వేరు. 1996లో కాప్రీస్, రోడ్‌మాస్టర్ ఆగిపోయిన టెక్సాస్‌లోని ఆర్లింగ్టన్ ఫ్యాక్టరీ పెద్ద ఎస్‌యూవీలకు మారింది. అప్పట్లో మైలేజీ చట్టంలో కార్లకు కంపెనీ సగటు గాలనుకు 27.5 మైళ్లు, ట్రక్కుల కింద లెక్కకు వచ్చే ఎస్‌యూవీలకు 20.7 మాత్రమే. అలాంటి ఫ్రేమే, అలాంటి వీ-8నే, అదే దాహం. పైన పెట్టె మాత్రం ఎత్తయింది. మా ఆఫీసు పార్కింగులో పెద్ద సెడాన్ నిలబడ్డ చోటికి నా కళ్ల ముందే ఎస్‌యూవీలు వచ్చాయి. పెట్రోలు ఆదా అయిందా అంటే లేదు. అమ్మలాంటివాళ్లకు ఎక్కడం మాత్రం కష్టమైంది.

2010లో మెకానిక్ లిఫ్టు మీద కారు ఎత్తి, స్క్రూడ్రైవరుతో వెనక ఇరుసు దగ్గర ఫ్రేమును పొడిచి చూపించాడు. ఉప్పు తిన్న ఉక్కు లోపలికి దిగిపోయింది. ఇంజను ఇంకో లక్ష మైళ్లయినా నడిచేది. విడిభాగాలకని ఒక ట్యాక్సీ యజమాని దాన్ని కొనుక్కుపోయాడు. ఆ ఇంజను, ఆ గేరుబాక్సు ఇంకో కారులో పనిచేశాయని తర్వాత తెలిసి సంతోషించాను. ఏ ముక్కకు ఆ ముక్క విడిగా పనికొచ్చేలా కట్టిన కారు అది.

ఆ కారు గొప్పదనం నా దృష్టిలో దాని పొడవులో లేదు, వీ-8లో లేదు. డ్రైవరు ఆనందం కన్నా వెనక కూర్చున్న మనిషి సుఖాన్ని ముందు లెక్కలోకి తీసుకోవడంలో ఉంది. ముసలివాళ్లు చేయూత లేకుండా దిగగలగాలి, చెయ్యి దూరేంత చోటు బానెట్ కింద ఉండాలి, కారు మూలలు కంటికి కనబడాలి. ఈ మూడింటికీ పద్దెనిమిది అడుగులూ అక్కర్లేదు, రెండు టన్నులూ అక్కర్లేదు. చిన్న కారులోనూ చేయవచ్చు, బ్యాటరీ కారులో ఇంకా తేలిగ్గా చేయవచ్చు. చేసేవాళ్లు తక్కువయ్యారన్నదే నా బాధ.

అమెరికాలో ఉండే మనవాళ్లు కొందరు ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు, అలాంటి కారు కొనమంటావా అని. ఊళ్లో తిరగడానికైతే వద్దంటాను. కొండ ప్రాంతమైతే వద్దంటాను. అమ్మానాన్నలు వచ్చి ఉంటున్నారు, దూరప్రయాణాలు ఎక్కువ, ఉండేది మంచూ ఉప్పూ లేని రాష్ట్రం అంటే మాత్రం తప్పకుండా వెతకమంటాను. టెక్సాస్‌లోనో అరిజోనాలోనో పెద్దవాళ్లు వాడి జాగ్రత్తగా ఉంచినవి దొరుకుతాయి. చూడడానికి వెళ్లినప్పుడు ముందు కింద పడుకుని టార్చిలైటుతో ఫ్రేము చూడండి, ఆ తర్వాతే తలుపు తీసి సీట్లో కూర్చోండి. ముందే కూర్చున్నవాళ్లకు కిందికి చూడాలన్న పట్టుదల నిలవదు.